ముందు లోపలి సంగతి, తరువాత యంత్రం



పిల్లల చదువులు, పెండ్లి సంబంధాలు, అత్తాకోడళ్ల మాటలు, అప్పులు, పొదుపులు – ఇలాంటి ఇంటి సంగతులు వ్రాసే ఈ పేజీలో ఈ నెల కంప్యూటరు మరమ్మతు గూర్చి వ్రాస్తున్నామంటే మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. అయితే ఇది కూడ ఇంటి సంగతే. ఒకప్పుడు బీరువాలో వుండే కాగితాలు, గోడకు వ్రేలాడే ఫోటోలు, పెద్దల మాటలు ఈనాడు ఎన్నో ఇండ్లలో ఒక ఇనుప పెట్టెలోనో, ఒక లాప్‌టాప్‌లోనో వుంటున్నవి. ఆ పెట్టె ఒకనాడు నోరు విప్పకపోతే ఆ ఇంటివారు ఏమి చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ ఆగాలి? మా ఇంట జరిగినది దాచకుండా చెబుతాము. మా పొరపాటు మీకు పాఠమైతే చాలును.

అడగని ఒక్క ప్రశ్న

2011లో మా ఇంటి మొదటి కంప్యూటరు మొరాయించింది. తెర నీలిరంగుగా మారేది, తెల్లని ఆంగ్ల అక్షరాలు కనబడేవి, తనంతట తానే ఆగి మరల మొదలయ్యేది. ఆ అక్షరాలలో ఏమి వ్రాసి వున్నదో మేము ఒక్కసారైనా చదువలేదు. ఆటోలో వేసుకొని బజారులోని ఒక దుకాణానికి తీసుకొనిపోయాము. "సాయంత్రానికి అయిపోవాలి బాబూ, పని వున్నది" అన్నాము. ఆ కుర్రవాడు పరీక్షించి, "ఫార్మాట్ చేస్తే సరిపోతుందండి, చెయ్యమంటారా?" అని అడిగాడు. ఆ మాటకు అర్థమేమిటని అడగడానికి మాకు నామోషీ అనిపించింది. చదువుకొన్నవారమే గదా! "చెయ్యి బాబూ" అన్నాము.

సాయంత్రానికి కంప్యూటరు కొత్తదానివలె ఇంటికి వచ్చింది. లోపల ఏమీ లేదు. మా పెద్దమ్మాయి పుట్టినది మొదలు ఐదేండ్ల ఫోటోలు – బోర్లా పడినది, తప్పటడుగులు వేసినది, బడికి మొదటి రోజు ఏడ్చినది – అన్నీ పోయినవి. కుర్రవాని తప్పు ఏమీ లేదు. అతడు అడిగాడు, మేము ఒప్పుకొన్నాము. "చేస్తే లోపల వున్నవి ఏమవుతాయి?" అని మేము అడుగవలసిన ఒక్క ప్రశ్న అడుగలేదు. పిల్లల తల్లి ఆ రాత్రి మమ్మును ఒక్క మాట కూడ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మరల అదే పరీక్ష

పదునాలుగు సంవత్సరాల తరువాత, 2025 జూన్ నెలలో, మరల అలాంటి రోజే వచ్చింది. ఇప్పటి కంప్యూటరు 2014లో కొన్నది. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతున్నది, తెర మాత్రం నల్లగానే వున్నది. కొద్ది సెకన్లకొకసారి పెట్టె లోపలి నుండి ‘బీప్’మని కూత.

ఈసారి లోపల వున్నది ఫోటోలు కావు. మా అమ్మగారి గొంతు. 2017 వేసవిలో ఆమె మా ఇంట వున్నప్పుడు, పిల్లలు ఆమెను కూర్చోబెట్టి తన చిన్ననాటి ఊరి సంగతులు, గోంగూర నిలువపచ్చడి పెట్టే విధానం, పొలం తాకట్టు పడిన సంవత్సరం తాతగారు ఎలా నెట్టుకొచ్చారో చెప్పించి ఫోనులో రికార్డు చేశారు. మొత్తం పదకొండు రికార్డింగులు. అవి కంప్యూటరులోకి ఎక్కించాము. తరువాత ఆ ఫోను పోయింది. 2020లో అమ్మగారు కన్నుమూశారు. ఆ పదకొండు రికార్డింగులకు మరొక నకలు లేదు. ఒకసారి దెబ్బ తిన్నవారమైయుండి కూడ నకలు తీసి పెట్టుకోలేదంటే, మనిషి ఎంత త్వరగా మరచిపోతాడో చూడండి!

మా చేయి వెంటనే ఫోను మీదకు, దుకాణం వారిని పిలవడానికి పోయింది. ఇంటరు చదివే మా చిన్నమ్మాయి అడ్డం వచ్చి, "నాన్నా, ముందు బావను అడుగుదాం" అన్నది. మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటర్ల మరమ్మతు పనిలోనే వున్నాడు. అతడు ఫోనులో చెప్పిన మొదటి మాట ఇది: "మామయ్యా, మీరు కంగారుపడకండి. ఒక నోటు పుస్తకం, కలం తీసుకోండి. ఏమి చేసినా ముందు వ్రాయండి. ఒకసారి ఒక్కటే మార్చండి."

మాకు కొంచెం చిరాకు వేసింది. స్క్రూడ్రైవరు తెమ్మంటాడనుకొంటే కలం తెమ్మన్నాడు. తరువాత తెలిసింది, ఈ విద్యలో సగం ఆ పుస్తకమేనని. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అను పెద్ద గణన యంత్రం ఆగిపోతే, దానిని నడిపేవారు వెదకి, ఒక రిలే మధ్య చిక్కుకొన్న చిమ్మటను కనుగొన్నారు. దానిని పారవేయలేదు. లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, పక్కన సమయం వేసి, సంగతి వ్రాశారు. లోపమును ‘బగ్’ అనడం అంతకు ముందు నుండే ఇంజనీర్ల వాడుకలో వున్నది. గ్రేస్ హాపర్ అను గణిత శాస్త్రవేత్త్రి ఈ కథను పదిమందికీ చెప్పి ప్రసిద్ధం చేసింది. ఆ పుస్తకం నేటికీ అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో వున్నది. యంత్రం పాతబడింది గాని, వ్రాసి పెట్టిన కాగితం మిగిలింది.

వెలుపలి నుండి లోపలికి

అమ్మాయి మొదటి పుటలో తేదీ వేసి వ్రాసింది: "ఫ్యాను తిరుగుతున్నది. తెర నలుపు. కూత వస్తున్నది." బావ రెండవ ప్రశ్న అడిగాడు: "ఇది చివరిగా బాగా పనిచేసినది ఎప్పుడు? ఆ తరువాత ఏమి మారింది?" ఆలోచిస్తే జ్ఞాపకం వచ్చింది. ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ పెట్టెను పక్క గదికి మోసి, మరల తెచ్చి పెట్టాము. ఈ ఒక్క ప్రశ్న ఎంతో పని తగ్గిస్తుంది. యంత్రం ఊరికే అలగదు. ఏదో మారియుంటుంది.

మొదట వెలుపలివి చూశాము. గోడ ప్లగ్గులో కరెంటు వున్నదా? తెరకు వేరే కరెంటు తీగ వున్నది, అది బిగుతుగా వున్నదా? తెర మీది చిన్న దీపం వెలుగుతున్నదా? పెట్టె నుండి తెరకు వచ్చే తీగ రెండు చివరలా సరిగా కూర్చున్నదా? ఇవి చూడడానికి రెండు నిమిషాలు చాలు. దుకాణానికి మోసుకొనిపోయిన తరువాత "తీగ ఊడిందండి" అనిపించుకొన్నవారు మనలో ఎంతమంది లేరు!

అన్నీ సరిగానే వున్నవి గనుక ఇక లోపలికి వెళ్లాలి. ఆ కూత ఊరికే వచ్చేది కాదు. కంప్యూటరు లేచిన వెంటనే బయోస్ అను చిన్న ప్రోగ్రాము తన అవయవాలను తానే పరీక్షించుకొంటుంది. తెర మీద చెప్పే స్థితి లేనప్పుడు కూతలతో చెబుతుంది. ఎన్ని కూతలకు ఏమి అర్థమో ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క లెక్క. మదర్‌బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో వుంటుంది. మా దానిలో ఆ లెక్క మెమరీని, అనగా ర్యామ్‌ను చూపించింది.

పెట్టె తెరిచే ముందు బావ నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. మీరు కూడ గుర్తుంచుకొనండి.

ఒకటి, కంప్యూటరు ఆపి, గోడ నుండి ప్లగ్గు పీకివేయాలి. స్విచ్చి ఆపితే చాలదు.

రెండు, పీకిన తరువాత పెట్టె మీది మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. బోర్డులో మిగిలిన విద్యుత్తు దిగుతుంది.

మూడు, లోపలి భాగాలను ముట్టుకొనే ముందు పెట్టె యొక్క రంగు లేని లోహపు భాగాన్ని చేతితో తాకాలి. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు మనకు తెలియకుండానే చిప్పును పాడుచేయగలదు.

నాలుగు, కరెంటు తీగ వచ్చి చేరే మూసిన డబ్బాను, అనగా ఎస్సెంపీయెస్‌ను, ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. ప్లగ్గు పీకిన తరువాత కూడ దాని లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి వుండవచ్చు. అది పాడైతే మొత్తంగా మార్చడమే.

మూత తీసి చూస్తే, పదకొండు సంవత్సరాల దుమ్ము దూదివలె పేరుకొని వున్నది. మెత్తని బ్రష్షుతో తుడిచాము. ఫ్యాను రెక్కలను మాత్రం వేలితో తిరగకుండా పట్టుకొని తుడవాలి. ర్యామ్ పలకలు రెండు వున్నవి. చివరి క్లిప్పులు నొక్కి రెండూ తీశాము. వాటి బంగారు రంగు అంచులను పొడి మెత్తని గుడ్డతో తుడిచాము. ఆ తరువాత రెండూ ఒకేసారి పెట్టబోయిన మా చేతిని అమ్మాయి పట్టుకొన్నది. "ఒకసారి ఒక్కటే, నాన్నా" అన్నది. పుస్తకంలో వ్రాసి, ఒక పలక పెట్టి చూశాము. కూత లేదు! తెర మీద అక్షరాలు వచ్చినవి! రెండవది కూడ పెట్టాము. అదీ పనిచేసింది. అనగా ఏ పలకా పాడు కాలేదు. పెట్టెను మోసినప్పుడు కదలి, అంచులు ఆనక, కూతలు మొదలైనవి.

ఇక్కడ పాఠకులకు ఒక ధైర్యపు మాట. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును, బజారులో దొరికే విడి భాగాలతో కూర్చి విడుదల చేసింది. ఇతరులు దానికి సరిపోయే యంత్రాలు, భాగాలు తయారుచేయసాగారు. ఆ దారి వలననే ఈనాటికీ మేజా కంప్యూటరులో ఒక భాగం తీసి మరొకటి పెట్టగలుగుతున్నాము. ర్యామ్ పలకకు ఒక గాడి వుంటుంది. తిరగేసి పెడితే కూర్చోదు. ఒక తరము ర్యామ్ మరొక తరము గాడిలో పట్టదు. కాబట్టి పట్టనప్పుడు బలవంతం చేయవద్దు. "నేను ఇక్కడిదానిని కాను" అని ఆ భాగమే చెబుతున్నదన్నమాట.

గెలిచామనుకొన్న వేళ

తెర మీద అక్షరాలు రాగానే మేము చప్పట్లు కొట్టినంత పని చేశాము. అమ్మాయి మాత్రం అక్షరాలు చదువుతున్నది. 2011లో మేము చేయని పని అదే. అందులో రెండు సంగతులు వున్నవి.

మొదటిది, కంప్యూటరు తేదీ 2012 జనవరి 1 అని చూపుతున్నది. కంప్యూటరు ఆపి వున్నప్పుడు కూడ గడియారం నడవడానికి బోర్డు మీద రూపాయి బిళ్లవంటి ఒక సెల్లు వుంటుంది. దాని పేరు సీఆర్ 2032, మూడు వోల్టులది. అది అయిపోయింది. ఇది చిన్న సంగతి అనుకొనవద్దు. బ్యాంకు వారి వెబ్‌సైటుకు ఒక భద్రతా పత్రం వుంటుంది, దానికి మొదలు తేదీ, చివరి తేదీ వుంటాయి. మన గడియారం 2012లో వుంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని కంప్యూటరు అనుకొని "ఇది భద్రం కాదు" అని ఆపివేస్తుంది. ఇంటర్నెట్టు పాడైందని అనేకులు కంపెనీవారి మీద కోపగించుకొంటారు. తప్పు బిళ్లంత సెల్లుది.

రెండవ సంగతి మా గుండె ఆగినంత పని చేసింది. హార్డ్ డిస్కు స్థితి బాగుగా లేదు, నకలు తీసుకొని దానిని మార్చండి అని ఆంగ్లంలో ఒక వరుస. హార్డ్ డిస్కు తన ఆరోగ్యపు లెక్క తానే వ్రాసుకొంటుంది. లోపల అద్దమువంటి పళ్లేలు నిమిషానికి 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతుంటాయి. చదివే సూది వాటిని తాకకుండా, వెంట్రుక కంటె ఎంతో సన్నని ఎడంలో తేలుతుంటుంది. అలాంటి వస్తువు పదకొండు సంవత్సరాలు పని చేసింది. కొన్ని నెలలుగా కంప్యూటరు నిదానంగా వుంటే "పాతదైంది లెమ్మని" ఊరుకొన్నాము. అది డిస్కు ఇచ్చిన హెచ్చరిక.

అదే సమయంలో విండోస్ కూడ లేచి, "డిస్కు లోపాలను సరిచేయుచున్నాను" అని మొదలుపెట్టింది. సంతోషించబోయాము. బావ ఫోనులో కేక వేశాడు: "మామయ్యా, వెంటనే ఆపండి! ప్రాణం పోతున్న డిస్కు చేత కసరత్తు చేయించకూడదు. సరిచేయడం తరువాత. ముందు లోపలివి బయటికి తీయాలి."

ముందు లోపలి సంగతి, తరువాత యంత్రం. పదునాలుగేండ్ల క్రితం మాకు ఎవరైనా ఈ మాట చెప్పియుంటే!

ఆ రెండు రాత్రులు

పక్క వీధిలోని మాస్టారుగారి కంప్యూటరులో ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ అను ఉచిత వ్యవస్థను ఎక్కించుకొని వచ్చాము. దానితో కంప్యూటరును లేపితే, లోపలి విండోస్‌ను నిద్రలేపకుండానే డిస్కులోని ఫైళ్లు చూడవచ్చు. ఏ మీట నొక్కితే పెన్‌డ్రైవ్ నుండి లేస్తుందో కూడ తయారీదారుని బట్టి మారుతుంది. కొన్నిటికి ఎఫ్ 12, కొన్నిటికి ఎఫ్ 11, కొన్నిటికి ఎస్కేప్. ఒక టెరాబైటు వెలుపలి డిస్కు ఒకటి కొని తగిలించాము.

మేము మొదటి నుండి వరుసగా నకలు చేయబోతే అమ్మాయి ఆపింది. "పోతే తిరిగి రానివి ముందు, నాన్నా. సినిమాలు మరల దొరుకుతాయి, నాయనమ్మ దొరకదు" అన్నది. నాయనమ్మ ఫోల్డరు తెరిచాము. ఒకటి, రెండు, మూడు... పది రికార్డింగులు నెమ్మదిగా వచ్చినవి. పదకొండవది సగంలో ఆగింది. చదవలేకపోతున్నానని తెర మీద మాట. మరల మరల నొక్కాలని మా చేయి తహతహలాడింది. నొక్కలేదు. దానిని విడిచి, మిగిలిన ఫోటోలు, కాగితాలు తీసుకొన్నాము. మొదటి రాత్రి అలా గడచింది.

రెండవ రాత్రి బావ చెప్పిన ప్రకారం డీడీ రెస్క్యూ అను ప్రోగ్రామును నడిపాము. అది బాగున్న భాగాలను ముందు తీసుకొని, మొరాయించే భాగాలను చివరకు వుంచి, అప్పుడు మరల మరల ప్రయత్నిస్తుంది. తెల్లవారేవరకు నడిచింది. పదకొండవ రికార్డింగు దొరికింది గాని పూర్తిగా కాదు. పొలం తాకట్టు సంవత్సరం గూర్చి అమ్మగారు చెబుతూ వుండగా, తాతగారు సంతకం పెట్టడానికి వెళ్లిన చోట మాట తెగిపోతుంది. కొంతసేపటికి మరల ఆమె నవ్వు వినబడుతుంది. ఆ మధ్య ఆమె ఏమి చెప్పినదో మా ఇంట ఎవరికీ జ్ఞాపకం లేదు. అడగడానికి ఆమె లేరు.

ఈ కథ అంతా సుఖాంతమని మేము వ్రాయలేము. తొందరపడనందుకు పది మిగిలినవి. ముందే నకలు తీయనందుకు ఒకటి తెగింది.

మార్చడం, అమర్చడం

పాత డిస్కును తీసి, దాని స్థానంలో తిరిగే భాగాలు ఏమీ లేని ఎస్సెస్‌డీని అమ్మాయే బిగించింది. రెండు తీగలు, నాలుగు స్క్రూలు, అంతే. సెల్లు మార్చింది. ఇక ఏ వ్యవస్థ వేయాలన్నది ప్రశ్న. విండోస్ 10కి సాధారణ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగుతాయని ముందే ప్రకటించి వున్నారు. విండోస్ 11కు మా 2014 నాటి యంత్రం నియమాల ప్రకారం సరిపోదు. కాబట్టి ఆ లినక్స్ మింట్‌నే నిలకడగా ఎక్కించాము. పాత యంత్రాన్ని పారవేయనక్కర లేకపోయింది.

అప్పుడు మరొక గాభరా. మేము గత సంవత్సరాలలో అను ఖతితో టైపు చేసిన తెలుగు వ్యాసాలు తెరిస్తే, అర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు నిండి వున్నవి. "ఇవి కూడ పాడైనవి" అని కూర్చుండిపోయాము. కాని పాడు కాలేదు. యూనికోడ్ వాడుకలోకి రాక ముందు తయారైన తెలుగు ఖతులు చాలవరకు ఆంగ్ల అక్షరాల సంఖ్యలకే తెలుగు ముక్కల బొమ్మలు తొడిగినవి. ఆ ఖతి లేని కంప్యూటరులో చొక్కా తీసివేసినట్టు అడుగున వున్న ఆంగ్లం బయటపడుతుంది. కొని వుంచుకొన్న ఖతిని ఎక్కించగానే అక్షరాలన్నీ తిరిగి తెలుగైనవి. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికి తన సొంత సంఖ్య వున్నది గనుక ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనబడుతుంది. ఇక మీదట భద్రపరచదలచినవి యూనికోడ్‌లో వ్రాయడం మంచిది.

సాఫ్ట్‌వేరు చిక్కులకు కూడ పద్ధతి ఒక్కటే. మాస్టారుగారి ప్రింటరు ఒకనాడు ముద్రించలేదు. ఆయన ఇరవైసార్లు ముద్రణ మీట నొక్కి, చివరకు ప్రింటరు అమ్మివేద్దామన్నారు. అమ్మాయి వెళ్లి వరుస జాబితా తెరచి చూస్తే, మొదటి పని ఎక్కడో చిక్కుకొని వున్నది, దాని వెనుక ఇరవై పనులు క్యూలో నిలబడి వున్నవి. మొదటిదానిని తీసివేస్తే దారి తెరుచుకొన్నది. కాబట్టి తెర మీది మాటను పూర్తిగా చదవండి, అక్షరం పొల్లుపోకుండా వ్రాసుకొనండి. కొత్తగా ఏమి ఎక్కించారో జ్ఞాపకం చేసికొనండి, దానిని తీసి చూడండి. ఒకసారి ఆపి మరల లేపండి. మెమరీలో చిక్కుపడిన పనులు తుడిచిపోయి మొదటి నుండి శుభ్రంగా మొదలవుతాయి గనుక అది చాలాసార్లు పనిచేస్తుంది. అయితే అదే చిక్కు మరల మరల వస్తే, ఆపి లేపడం మందు కాదు, కారణం వెదకాలి.

ఎక్కడ ఆగాలి?

తెలియడం ఎంత మంచిదో, ఆగడం తెలియడం అంత మంచిది. హార్డ్ డిస్కు ‘టక్ టక్’మని కొట్టుకొంటుంటే, లోపల నకలు లేని విలువైనవి వుంటే, మీట ఆపివేసి, డేటా తీయడమే పనిగా వున్న నిపుణునికి ఇవ్వండి. లాప్‌టాపు బ్యాటరీ ఉబ్బితే చార్జింగు పెట్టవద్దు, గుచ్చవద్దు, నొక్కవద్దు. మంట పుట్టగలదు.

మరొక హెచ్చరిక పెద్దవారికి ప్రత్యేకంగా చెబుతున్నాము. "మీ కంప్యూటరులో వైరసు వున్నది, మేము పెద్ద కంపెనీ నుండి మాట్లాడుచున్నాము, ఈ యాప్ ఎక్కించండి, మేమే సరిచేస్తాము" అని ఎవరైనా ఫోను చేస్తే నమ్మవద్దు. మీరు పిలవకుండా వచ్చే మరమ్మతువాడు మీ పెట్టె కోసం రాడు, మీ బ్యాంకు కోసం వస్తాడు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 అను ప్రభుత్వ సైబరు నేర సహాయ నంబరుకు ఫోను చేయండి.

నకలు గూర్చి ఈ పనివారి సూత్రం ఒకటి వున్నది. విలువైనదానికి మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి ఇంటి వెలుపల. మా అమ్మగారి గొంతు ఇప్పుడు కంప్యూటరులో వున్నది, వెలుపలి డిస్కులో వున్నది, హైదరాబాదులో మేనల్లుని ఇంట వున్నది.

తల్లిదండ్రులకు, యౌవనులకు

తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు లేక పిల్ల పాత కంప్యూటరు విప్పి చూస్తానంటే తిట్టవద్దు. పనికిరాని పాతది ఒకటి ఇచ్చి, ప్లగ్గు పీకించి, విప్పి మరల బిగించమనండి. ఆడపిల్లకు స్క్రూడ్రైవరు ఎందుకని అనవద్దు. మా ఇంట ఆ రెండు రాత్రులు చేయి వణకనిది ఆమె ఒక్కతెకే.

యౌవనులారా, ఇది జీవనోపాధి కూడ. ఐటీఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అను ఒక సంవత్సరపు ట్రేడు వున్నది. కాంప్‌టియా అను సంస్థ 1993 నుండి ఏ ప్లస్ అను పరీక్ష నిర్వహిస్తున్నది. అందులో నేర్పే ఆరు మెట్లు చూడండి. సమస్య ఏమిటో గుర్తించు. కారణం ఇది కావచ్చునని ఒక ఊహ చేయి. ఆ ఊహను పరీక్షించు. ఏమి చేయాలో ఆలోచించి చేయి. అంతా పనిచేస్తున్నదో లేదో చూడు. జరిగినది వ్రాసిపెట్టు. మొదటి మెట్టులోనే, ఏదైనా మార్చకముందు నకలు తీయమని కూడ నేర్పుతారు. మా మేనల్లుడు "కలం తీసుకోండి మామయ్యా" అన్నది ఊరికే కాదు.

ఇంకొక మాట. మీరు ఈ పని నేర్చుకొని ఇతరుల పెట్టెలు సరిచేసే రోజు వచ్చినప్పుడు, "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని మాత్రమే అడగవద్దు. "అమ్మా, లోపల మీకు కావలసినవి ఏమైనా వున్నవా?" అని అడగండి. ఎదుటివారికి ఆ ఆంగ్ల మాట తెలియకపోవచ్చు. తెలియదని చెప్పడానికి మావలె సిగ్గుపడుతుండవచ్చు.

పాఠకులారా, ఈ సంచిక మూసి ప్రక్కన పెట్టే ముందు ఒక్క పని చేయండి. మీ ఇంట మరల దొరకనిది ఏది, అది ఎక్కడ వున్నది, దానికి రెండవ ప్రతి వున్నదా అని ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడుకొనండి. లేకపోతే ఈ ఆదివారం సాయంత్రమే తీయండి. మా ఇంట ఆ నోటు పుస్తకం ఇప్పటికీ కంప్యూటరు ప్రక్కనే వున్నది. చివరి పుటలో అమ్మాయి వ్రాసినది ఇది: "పదకొండవ రికార్డింగు – మధ్యలో లేదు. తాతగారి సంగతి చిన్న తాతయ్యను అడగాలి."

వచ్చే సెలవులలో అడగడానికి వెళ్తున్నాము. ఈసారి రికార్డింగుకు అదే రోజు మూడు ప్రతులు తీస్తాము.